రెండో సంతకం

రెవాజ్ బట్టలు బాల్కనీలో ఆరేయకూడదు. దొమ్నా గౌన్లు, దుప్పట్లు, తువ్వాళ్ళు, ఊరి నుంచి వాళ్ళమ్మ పంపిన పసిచొక్కాలు ఎన్నయినా వేసుకోవచ్చు. మగవాడి ప్యాంటు ఒక్కటి కూడా వీధికి కనపడకూడదు. అద్దె కాగితంలో ఉన్నది దొమ్నా పేరొక్కటే. ఆ రెండుగదుల ఇంట్లో ఒక మగమనిషి పగలంతా తలుపేసుకుని కూర్చుంటాడని ఎదురింటివాళ్ళకు గానీ, కింద కూరగాయల కొట్టువాడికి గానీ తెలియకూడదు. అందుకని ఏడోనెల కడుపుతో ఆమె స్నానాలగదిలో తొట్టి అంచు మీద కూర్చుని, అతని బరువైన జీన్సు ప్యాంట్లను చేత్తో మరోసారి పిండి, రెండు గోడల మధ్య కట్టిన తాడు మీద వేసేది. కిటికీ లేని గది. రెండు రోజులైనా ఆరేవి కావు. మూడోరోజుకి ముక్కవాసన కొట్టేవి.

“వీటిని సబ్బు పెట్టే ఉతికావా?” అన్నాడు రెవాజ్ ఆ ఉదయం, చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని.

ఏమైనా అనాలంటే ముందు లేచి కిటికీలు మూయాలి. ఆ ఓపిక దొమ్నాకు లేదు.

అతను చెడ్డవాడు కాడు. ఈ మాట ఆమె తనకు తాను రోజుకు నాలుగైదుసార్లు చెప్పుకునేది, మాత్ర వేసుకున్నట్టు. జార్జియా నుంచి గ్రీసుకు వచ్చి తొమ్మిదేళ్ళయింది. గోడలకు పూత వేసే పని. ఈ రేవు ఊరు కవాలాలో సగం హోటళ్ళ గోడలు తన చేతి మీద తేలినవే అని గర్వంగా చెప్పేవాడు. దొమ్నా పనిచేసే లాండ్రీలో వెనక గోడ పెచ్చులూడితే బాగుచెయ్యడానికి వచ్చాడు. ఆమె ముంజేతి మీద ఇస్త్రీ మర కాల్చిన మచ్చ చూశాడు. మర్నాడు మందు గొట్టం ఒకటి తెచ్చి, మాట్లాడకుండా ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. పదమూడేళ్ళుగా ఆ మచ్చల్ని చూసినవాళ్ళు ఎందరో ఉన్నారు. మందు తెచ్చినవాడు అతనొక్కడే. ముప్పై నాలుగేళ్ళ దొమ్నాకు అది చాలింది.

అప్పటికి అతనికి ఇక్కడ ఉండే అనుమతి ఉంది. తర్వాత అతన్ని పనిలో పెట్టుకున్న కంపెనీ మూతపడింది, పని లేదు గనక అనుమతి పొడిగించలేదు. అప్పీలు పెట్టాడు. అప్పీలు పెట్టినట్టు ఒక రసీదు ఇచ్చారు. ఆ రసీదుకీ గడువు అయిపోయింది. అయినా పనికి వెళ్తూనే ఉన్నాడు. మార్చిలో ఒకరోజు పోలీసులు వచ్చి, అతను పనిచేస్తున్న కట్టడంలో ఇద్దర్ని పట్టుకుపోయారు. రెవాజ్ డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక నాలుగు గంటలు ముడుచుకుని పడుకున్నాడు. ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. దొమ్నాకు అప్పుడు మూడోనెల. వాంతులతో తనూ నిలబడలేని స్థితిలోనే అతన్ని పట్టుకుని మంచం దాకా నడిపించింది. ఆ రోజు నుంచీ అతను గుమ్మం దాటలేదు.

గుమ్మం దాటని మగవాడికి ఎంత చాకిరీ చెయ్యాలో దొమ్నాకు అంతకుముందు తెలియదు. అతని ఫోను ఆమె పేరు మీద. అతని లాయరుకి ఫోన్లు ఆమె చెయ్యాలి, ఎందుకంటే గ్రీకు సరిగ్గా రాని గొంతు వింటే గుమస్తా “తర్వాత చెయ్యి” అని పెట్టేస్తుంది. అతని పంటినొప్పికి మందులషాపులో అబద్ధం చెప్పి మాత్రలు తేవాలి. కాగితాలకి ఫోటోకాపీలు, స్టాంపులు, అనువాదాలు, వరుసలు. లాండ్రీలో ఎనిమిది గంటలు నిలబడి, ఆ తర్వాత వరుసల్లో నిలబడి, ఇంటికొస్తే పొద్దున తను తాగిన కాఫీ కప్పు దగ్గర్నుంచి అతను తిన్న కంచం దాకా అన్నీ సింకులో ఎదురుచూస్తూ ఉండేవి. ఒకసారి మెల్లగా అడిగింది, పగలంతా ఖాళీయే కదా, కాస్త కడగొచ్చు కదా అని. అతని మొహం నల్లబడింది. “ఆడదానిలా ఇంట్లో కూర్చున్నాను. ఇంక అంట్లు కూడా తోమితే సరిపోతుంది” అన్నాడు. ఆడదానిలా ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో ఆమెకు తెలియదు. ఆమె ఏనాడూ ఇంట్లో కూర్చోలేదు.

లాండ్రీలో ఇంకో రకం. కడుపు కనపడటం మొదలయ్యాక యజమానురాలు వాయా ఆమెను ముందు కౌంటరు నుంచి తీసి లోపల ఆవిరిగదిలో దుప్పట్ల ఇస్త్రీకి వేసింది.

“ఏమనుకోకు దొమ్నా. వచ్చేపోయేవాళ్ళు ఆయనెవరు, ఏం చేస్తాడు అని అడుగుతున్నారు. నువ్వేమో నోరు విప్పవు. నాకెందుకొచ్చిన గొడవ చెప్పు.”

లోపల పనిచేసే ఆడవాళ్ళు ఇంకా తెగించారు. “తాసోస్ దీవి పడవలో దిగాడా, మళ్ళీ అదే పడవెక్కి పోయాడా?” అని ఒకావిడ. “పోన్లే, దుప్పటి ఇస్త్రీ చేస్తుంటే ఆవిరికే కడుపొచ్చిందనుకో” అని ఇంకొకావిడ. దొమ్నా కూడా వాళ్ళతోపాటు నవ్వేది. నవ్వకపోతే అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెబితే ఆ మాట సాయంత్రానికి రేవు చుట్టి వస్తుంది. ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మకి మాత్రం అంతా తెలుసు. ఆవిడ ఫోనులో అనే మాట ఎప్పుడూ ఒకటే. “నువ్వు కనబోయేది బిడ్డనో, వాడి వీసానో తేల్చుకోవే ముందు.” ఆ మాటకి దొమ్నా ఫోను పెట్టేసేది. కానీ మాట పెట్టెయ్యలేకపోయేది. ఆవిరిగదిలో తెల్లటి దుప్పటి ఒక కొస నుంచి ఇంకో కొసకు మర కింద జారుతున్నంతసేపూ ఆ మాట కూడా వెనకే జారుతూ ఉండేది.

అన్నిటికంటే ఆమెను కుంగదీసింది వేరే. ఆమెకు కోప్పడే వీలు పోయింది. రెవాజ్ ముందు కిటికీలు మూసి, తర్వాతే పోట్లాటకు దిగేవాడు. ఆమె గొంతు ఒక మెట్టు పెరిగితే చాలు, అతను తన గొంతు తగ్గించేసి, ఎంతో మర్యాదగా మాట్లాడేవాడు. జూలైలో ఒక మధ్యాహ్నం, ఎండలో పనినుంచి నడిచొచ్చి నాలుగంతస్తులూ ఎక్కిన దొమ్నా, సింకు చూసి పట్టలేకపోయింది.

“నా కాళ్ళు చూడు, చెప్పుల్లో పట్టడం లేదు. ఒక్క గ్లాసు, ఒక్క గ్లాసైనా కడగలేవా నువ్వు?” అని అరిచింది.

రెవాజ్ కుర్చీలోంచి లేవలేదు. “అరువు. ఇంకా గట్టిగా అరువు. అంత కష్టమెందుకు, ఒక్క ఫోను చెయ్యి. పది నిమిషాల్లో వచ్చి తీసుకుపోతారు. నా పీడ విరగడవుతుంది నీకు.”

“నేను గ్లాసు గురించి మాట్లాడుతున్నాను, రెవాజ్.”

“నేను నా బతుకు గురించి మాట్లాడుతున్నాను. నీ నోటి మాట మీద ఉంది అది. నీకు తెలుసు, నాకు తెలుసు.”

తలుపు చప్పుడైంది. రెవాజ్ లేచి, శబ్దం కాకుండా స్నానాలగదిలోకి వెళ్ళిపోయాడు. దొమ్నా మొహం తుడుచుకుని తలుపు తీసింది. పక్కవాటా ఆర్గిరో, ఎనభై దాటిన మనిషి, చేతికర్రతో నిలబడి ఉంది.

“ఏంటమ్మా ఆ కేకలు?”

“టీవీ పెద్దమ్మా. సౌండు ఎక్కువైపోయింది.”

“టీవీలో నీ గొంతే వినపడిందే.” ఆర్గిరో ఆమె భుజం మీదుగా లోపలికి ఒక చూపు చూసింది. “ఒక్కదానివే ఉంటున్నావు. కడుపుతో ఉన్నావు. ఏమైనా అవసరమైతే గోడ మీద కొట్టు. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి.”

దొమ్నా నవ్వి, తలూపి, తలుపేసింది. స్నానాలగదిలో తడిబట్టల మధ్య రెవాజ్ గోడకు అతుక్కుపోయి నిలబడి ఉన్నాడు. ఆమె కనపడగానే రెండు చేతులూ చాచాడు. ఆమె వెళ్ళి అతని తల భుజానికి ఆనించుకుని, వెన్ను నిమిరింది. పోయిందిలే, ఏం కాదులే అంది. లోపల బిడ్డ గట్టిగా తన్నింది. దొమ్నాకు అప్పుడు స్పష్టంగా తోచింది: కోపం వచ్చింది తనకు, భయం వేసింది అతనికి, ఈ రెంటిలో ఓదార్పు దొరికేది ఒక్క భయానికే. అతను తనకు భయపడుతున్నాడు. ఆ భయంతోనే తనను కట్టేశాడు. కొట్టే మొగుణ్ణి వదిలెయ్యొచ్చు, తాగేవాణ్ణి వదిలెయ్యొచ్చు, జనం కూడా పోనీలే అంటారు. భయపడే మనిషిని ఎలా వదులుతారు? వదిలితే అతన్ని తీసుకుపోయేది పోలీసులు. తీసుకుపోయాక బిడ్డ అడిగేది తనను.

ఆగస్టులో స్కానింగుకి ఒక్కతే వెళ్ళింది. ఆసుపత్రిలో నర్సు ఫారం నింపుతూ తండ్రి పేరు దగ్గర పెన్ను ఆపి ఆమె వైపు చూసింది.

“ప్రస్తుతానికి ఖాళీగా ఉంచండి” అంది దొమ్నా.

“ఖాళీ అని రాయనా, లేడని రాయనా?”

డాక్టరు రక్తపోటు రెండుసార్లు చూశాడు. ఉప్పు మానెయ్యమన్నాడు, నిలబడే పని మానెయ్యమన్నాడు, మధ్యాహ్నాలు కాళ్ళు ఎత్తులో పెట్టుకుని పడుకోమన్నాడు. ఆడపిల్ల అని కూడా చెప్పాడు. దొమ్నా బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ఒక్క మాటనీ ఇంటిదాకా జాగ్రత్తగా తీసుకొచ్చింది. ఎలా చెప్పాలో కూడా అనుకుంది. తలుపు తీయగానే రెవాజ్ అడిగాడు.

“లాయరు ఫోనెత్తాడా? నోటరీ దగ్గర టైము దొరికిందా?”

దొరికింది. శుక్రవారం పది గంటలకి. ఆమె ఆ సంగతే చెప్పింది. రెండోది రెండురోజుల దాకా చెప్పలేదు. చెప్పినప్పుడు అతను చాలా సంతోషపడ్డాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అది అబద్ధపు సంతోషం కాదు. అదే ఆమెకు మరీ కష్టంగా ఉంది.

లాయరు చెప్పిన ప్రకారం నోటరీ దగ్గర రెండు కాగితాలు రాయాలి. మొదటిది, పుట్టబోయే బిడ్డకు తండ్రి రెవాజే అని ఇద్దరూ ఒప్పుకున్నట్టు. రెండోది, ఇద్దరూ కలిసి కాపురం ఉంటున్నట్టు, పెళ్ళిలాంటిదే, పెళ్ళి కాకుండా. రెండోది ఉంటే వెంటనే దరఖాస్తు పెట్టొచ్చు. మొదటిది మాత్రమే ఉంటే బిడ్డ పుట్టి, పేరు నమోదయ్యేదాకా ఆగాలి. “ఎందుకు ఆగడం? రెండూ పెట్టించెయ్యండి” అన్నాడు లాయరు. ఆ మాట అన్నది రెవాజ్‌తో. ఫోను పట్టుకున్నది దొమ్నా.

గురువారం మధ్యాహ్నం లమారా వచ్చింది. రెవాజ్ తల్లి. ఇదే ఊళ్ళో ఒక ముసలావిడ ఇంట్లో ఉండి సేవ చేస్తుంది. గురువారం మధ్యాహ్నం, ఆదివారం ఆమెకు సెలవు. సెలవు రోజున కూడా ఆవిడ చేతులు ఊరుకోవు. వచ్చీ రాగానే సింకు ఖాళీ చేసింది, పిండి కలిపి జున్ను పెట్టి రొట్టె కాల్చింది, కొడుకు ముందు పెట్టింది. తర్వాత దొమ్నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, పాదాలు నొక్కుతూ కూర్చుంది. దొమ్నా పాదాలు ఈ ప్రపంచంలో పట్టించుకున్నది ఆవిడొక్కతే.

“రేపు ఈపాటికి అన్నీ చక్కబడిపోతాయమ్మా. దేవుడు మనకు బిడ్డనొక్కదాన్నే కాదు, కాగితం కూడా కలిపి ఇచ్చాడు” అంది లమారా.

“మా అమ్మ కూడా ఇంచుమించు అదే అంటోంది అత్తయ్యా.”

లమారాకి ఆ మాటలో ముల్లు గుచ్చుకుందో లేదో తెలియదు. పాదాలు నొక్కుతూనే ఉంది. “నీకేం తెలుసు తల్లీ, కాగితం లేని బతుకు. నేనొచ్చిన కొత్తలో ఒక ఇంట్లో పెట్టారు నన్ను. ఆరేళ్ళు. నా కాగితం ఆ ఇంటావిడ సంతకం మీద ఉండేది. ఏటా ఆవిడ సంతకం పెడితేనే నేను ఇక్కడుండాలి. మంచిదే పాపం. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఆరేళ్ళలో ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, ‘నాకు ఒంట్లో బాగాలేదు, ఇవాళ చెయ్యను’ అనలేకపోయాను. ఆవిడకు నామీద ప్రేమేనేమో. నాకు ఆవిడమీద ప్రేమేనేమో. ఎలా తెలుస్తుంది చెప్పు? కాదనడానికి లేనప్పుడు ఔనన్నదానికి లెక్కేముంది? మావాడికి అలాంటి బతుకు వద్దు. ఆ సంతకం పెట్టి పుణ్యం కట్టుకో.”

రెవాజ్ ముందుగదిలో రొట్టె తింటూ టీవీ చూస్తున్నాడు, సౌండు తీసేసి. దొమ్నా పాదాలు వెనక్కి తీసుకుని లేచి కూర్చుంది. లమారా చెప్పిన కథలో తను ఎవరు? సంతకం పెట్టే ఇంటావిడ తనే. కానీ బాగాలేదు, ఇవాళ చెయ్యను అనలేనిది కూడా తనే. ఇది ఎలా సాధ్యం? ఒకే తాడుకి రెండు కొసలా ఇద్దరూ కట్టుబడి ఉంటే, ఎవరి మెడకు ఎంత బిగుసుకుందో ఎలా తెలుస్తుంది? రేపటి సంతకంతో ఆ ముడి ఊడుతుందా? కాపురం కాగితం మీద అతనికి అనుమతి వస్తుంది. అంటే అతని అనుమతి ఇక తన కాపురం. ఏటా, రెండేళ్ళకోసారి, కలిసే ఉంటున్నామని తను వెళ్ళి చెబుతూ ఉండాలి. ఉంటేనే అతను ఉంటాడు. సింకు అలాగే ఉంటుంది, కిటికీలు అలాగే మూసుకుంటాయి. ఒకే ఒక్క తేడా, బట్టలు బాల్కనీలో ఆరేసుకోవచ్చు.

శుక్రవారం ఉదయం రెవాజ్ గడ్డం గీసుకున్నాడు. దొమ్నా ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కున్నాడు. అయిదు నెలల తర్వాత ఎండలోకి వచ్చి, టాక్సీలో ఎక్కేదాకా ఆమె చెయ్యి వదల్లేదు. లమారా ముసలావిడను పొరుగువాళ్ళకు అప్పజెప్పి రెండు గంటలు అడిగి వచ్చింది.

నోటరీ పొలిక్సేని అరవై ఏళ్ళ మనిషి. పొడిగా మాట్లాడుతుంది. అక్కడి పద్ధతి ప్రకారం రాసినదంతా పైకి చదవాలి. మొదటి కాగితం చదివింది. పుట్టబోయే బిడ్డకు తండ్రి తానేనని రెవాజ్ ఒప్పుకుంటున్నాడు, తల్లి సమ్మతిస్తోంది. “సమ్మతమేనా?” అంటే “సమ్మతమే” అంది దొమ్నా. అది నిజం గనక చెయ్యి తడబడలేదు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. లమారా కొంగులాంటి తన పొడుగు రుమాలుతో కళ్ళు ఒత్తుకుంది.

నోటరీ రెండో కాగితం తీసింది. పేర్లు, ఊళ్ళు, తేదీలు చదివి, “…ఎవరి ఒత్తిడీ లేకుండా, తమ స్వంత ఇష్టంతో, కలిసి జీవించాలని నిశ్చయించుకుని…” దగ్గరికి వచ్చేసరికి దొమ్నా అంది.

“ఆ ముక్క మళ్ళీ ఒకసారి చదవండి.”

నోటరీ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివింది.

“ఇందులో నేను కూడా ఉన్నానా అండీ?”

“ఇద్దరూ ఉంటారు. లేకపోతే కాగితం చెల్లదు.”

“అయితే దీని మీద సంతకం పెట్టను.”

“అమ్మాయ్, కళ్ళు తిరుగుతున్నాయా? నీళ్ళు తాగుతావా?” అని లమారా లేచింది. రెవాజ్ ఏదో అనబోయి, అలవాటుగా కిటికీ వైపు చూశాడు. తెరిచే ఉంది. నోరు మూసుకున్నాడు.

పొలిక్సేని పెన్ను కింద పెట్టింది. “మీమీద ఎవరైనా ఒత్తిడి తెస్తున్నారా? చెప్పండి, వాళ్ళను బయటికి పంపిస్తాను.”

“లేదండీ. ఎవరూ ఒత్తిడి చెయ్యలేదు. ఎవరూ అడగను కూడా లేదు. టైము ఖాయం చేసుకుని వచ్చాం, అంతే.”

ముగ్గురూ మెట్లు దిగి రేవు వైపు వచ్చారు. రోడ్డు మీద జనం, ఎండ, పడవల హారన్లు. రెవాజ్ గోడవారగా నిలబడ్డాడు. గొంతు బాగా తగ్గించి అడిగాడు.

“ఎందుకిలా చేశావు? ఇంకో మూడునెలలు నన్ను ఆ గదుల్లో పెట్టడానికా?”

“మూడునెలల తర్వాత నీకొచ్చే కాగితం నీ కూతురి వల్ల వస్తుంది. నువ్వు దానికి నాన్నవు, అది ఎవరూ తీసెయ్యలేరు. నేను కూడా తీసెయ్యలేను. అందుకే మొదటిదాని మీద పెట్టాను.” ఆమె గొంతు తగ్గించలేదు. అటు వెళ్తున్న ఒకావిడ తిరిగి చూసింది. “రెండోది పెడితే నేను నిన్ను పొమ్మనలేను రెవాజ్. ఈ జన్మలో అనలేను. పొమ్మనలేని దాన్ని ఉండమని మాత్రం ఎలా అంటాను?”

“అంటే పొమ్మంటున్నావా?”

“వినవేం, ఏమీ అనడం లేదు.”

రెవాజ్ తల్లి వైపు తిరిగాడు. “చూశావా అమ్మా? నువ్వయినా చెప్పు.”

లమారా మొహం ఎర్రగా కందిపోయి ఉంది. కోడలి మీద కోపమో, ఎండో. ఏదో గట్టిగానే అనడానికి నోరు తెరిచింది. దొమ్నా కళ్ళలోకి చూసి ఆగిపోయింది. చివరికి కొడుకు మోచెయ్యి పట్టుకుంది.

“నడు. కడుపుతో ఉన్నదాన్ని నడిరోడ్డు మీద నిలబెట్టి అడక్కు. నిన్ను ఇంటిదగ్గర దింపి, మా ముసలమ్మ దగ్గరికి పోతాను.”

“అసలు ఉండాలా వద్దా, అదొక్కటి చెప్పమను” అన్నాడు రెవాజ్. ఆ మాటలో పంతం లేదు. చిన్నపిల్లాడి గొంతులా ఉంది. ఇదివరకైతే ఆ గొంతుకే దొమ్నా కరిగిపోయేది, భుజం ఇచ్చేది. ఇప్పుడు మాత్రం చెయ్యి చాచలేదు.

“నాకింకా తెలీదు. నన్ను నేనెప్పుడూ అడగలేదు. అడిగి చెప్తాను.”

వాళ్ళిద్దరూ టాక్సీ ఎక్కారు. టాక్సీ మలుపు తిరిగేదాకా దొమ్నా చూసింది. భయం లేదని కాదు. ఇంటికి వెళ్ళాక ఏమవుతుందో తెలియదు, ఈ మూడునెలలు ఎలా గడుస్తాయో తెలియదు, తలుపు ఏ రోజు ఎవరు కొడతారో తెలియదు. ఆవిరిగది రేపు మళ్ళీ ఉంది. రేవు పక్కన బల్ల మీద కూర్చుని, డాక్టరు చెప్పినట్టు, ఎదురుగా ఉన్న గట్టు మీదికి రెండు కాళ్ళూ చాపుకుంది. వచ్చేపోయేవాళ్ళు చూస్తారేమో అనుకుంది గానీ తీయలేదు.

తనను తాను అడగడం ఆమెకు అలవాటు లేని పని. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. కాసేపటికి ఒక ప్రశ్న తట్టింది, పెద్దదేం కాదు. ఆకలిగా ఉందా? అని తనను తానే అడిగింది.

ఉంది.